పేటెంటుకు హద్దులు మాటలే

పొలం కొన్నవారు దస్తావేజు రాయించుకుంటారు. అందులో విస్తీర్ణంతో పాటు చెక్కుబందీ కూడా ఉంటుంది. తూర్పున ఫలానావారి మిరప చేను, దక్షిణాన బండ్ల డొంక, పడమర ఫలానావారి పత్తి చేను, ఉత్తరాన వాగు అని నాలుగు హద్దులూ రాస్తారు. ఆ హద్దుల లోపల ఉన్న నేల కొన్నవారిది, అవతలిది కాదు. ఇంతవరకు చిక్కు లేదు. కాని ఒక ఏడు వాగు ఎండిపోయిందనుకోండి. అప్పుడు ఉత్తరపు హద్దు ఎక్కడ? ఇవతలి గట్టా, వాగు నడుమా, అవతలి గట్టా? దస్తావేజులో ఉన్నది "వాగు" అన్న ఒక్క మాటే. ఆ మాటకు అర్థం తేలితేనే తగవు తేలుతుంది.

కొత్త విషయం కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే పేటెంటు కూడా ఇటువంటి దస్తావేజే. అయితే పొలానికి హద్దురాళ్లు పాతవచ్చు, ఆలోచనకు పాతలేము. అక్కడ హద్దులన్నీ మాటలే. ఆ మాటలను ఎలా చదువుతారు? ఒక్క మాట మీద పెద్ద తగవు ఎలా పుడుతుంది? మన వంటింటి పసుపు అటువంటి తగవులో ఎలా గెలిచింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పేటెంటు అంటే ఏమిటి?

ఒకరు కొత్త వస్తువునో, వస్తువును తయారు చేసే కొత్త పద్ధతినో కనిపెట్టారు. దాన్ని రహస్యంగా దాచుకుంటే వారితోనే పోవచ్చు. అందుకని ప్రభుత్వం వారితో ఒక ఒప్పందం చేసుకుంటుంది. "నీ రహస్యాన్ని అందరికీ అర్థమయ్యేలా రాసి ఇవ్వు. దానికి బదులుగా కొన్నేళ్ల పాటు నీ అనుమతి లేకుండా మరొకరు దాన్ని వ్యాపారానికి వాడకుండా నీకు హక్కు ఇస్తాను" అంటుంది. ఈ హక్కే పేటెంటు. మన దేశంలో అమలులో ఉన్న పేటెంట్ల చట్టం 1970లో చేసినది. అది 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చింది. తర్వాత పలుమార్లు సవరించారు. ఇప్పుడు పేటెంటు గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 సంవత్సరాలు. ఆ తర్వాత ఆ జ్ఞానం అందరిదీ అవుతుంది.

పేటెంటు రావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి. మొదటిది, ఆ విషయం కొత్తదై ఉండాలి. రెండవది, ఆ పనిలో ఆరితేరినవారికి ఇట్టే తట్టేది కాకూడదు. మూడవది, పరిశ్రమలో ఉపయోగపడేదై ఉండాలి.

పేటెంటు పత్రంలో రెండు ముఖ్య భాగాలుంటాయి. కనిపెట్టిన విషయాన్ని బొమ్మలతో, ఉదాహరణలతో వివరించేది ఒకటి. దీన్ని వివరణ అందాం. చివర అంకెలు వేసి రాసిన చిన్న చిన్న వాక్యాలు రెండవది. వీటిని క్లెయిములు అంటారు. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఏ పని చేస్తుందో పేటెంటులో క్లెయిములు ఆ పనే చేస్తాయి. "నాది ఇంతవరకు" అని హద్దు చెప్పేది క్లెయిమే.

టంకం అంటే ఏ టంకం?

హద్దు మాటల్లో ఉంటే వచ్చే చిక్కేమిటో తెలుసుకోవడానికి టంకాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మీరు చీరాల బజారులో నడుస్తున్నారనుకోండి. నగలు చేసే కంసాలి దగ్గరకు వెళ్లి "టంకం అంటే ఏమిటి?" అని అడగండి. బంగారంలో వెండి, రాగి వంటి లోహాలు కలిపి, నగ కరిగే వేడి కన్నా తక్కువ వేడికే కరిగేలా చేసిన ముక్క అని చెబుతాడు. అతుకు దగ్గర వెలిగారం పూసి, మంట ఊది ఆ ముక్కను కరిగిస్తాడు. కొన్ని అడుగులు వేసి రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడిలో అదే ప్రశ్న వేయండి. మెకానిక్ వెండిలా మెరిసే మెత్తని తీగను చూపిస్తాడు. అది తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం. ఇక సంస్కృత రసశాస్త్ర గ్రంథాలు తెలిసిన వైద్యుణ్ణి అడిగితే, టంకణం అంటే వెలిగారమే అంటాడు!

ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఎవరి వృత్తిలో ఆ మాటకు ఉన్న అర్థాన్ని వారు చెప్పారు. కాబట్టి పేటెంటులో ఒక మాట కనిపించినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇది: "ఈ పత్రం ఏ వృత్తివారిని ఉద్దేశించి రాసింది? దరఖాస్తు నాటికి ఆ వృత్తిలో నేర్పు ఉన్నవారికి ఈ మాట ఏమని అర్థమవుతుంది?"

ఇప్పుడు రేడియో మెకానిక్ టంకాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. విచిత్రమేమిటంటే, నూటికి 63 వంతుల తగరం, 37 వంతుల సీసం కలిపితే ఆ మిశ్రమం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. అంటే రెండిటి కన్నా తక్కువ వేడికి! వేడి తీయగానే ఒక్కసారిగా గట్టిపడుతుంది కూడా. అందుకే సున్నితమైన విడిభాగాలను అతకడానికి ఇది ఎంతో అనువైనది.

అయితే వేడి ఒక్కటే చాలదు. రాగి తీగ మీద గాలి వల్ల ఆక్సైడు పొర పట్టి ఉంటుంది. ఆ పొర మీద టంకం అంటుకోదు, ముత్యంలా దొర్లిపోతుంది. కంసాలికి వెలిగారం, కళాయి వేసేవానికి నవాసాగరం, మెకానిక్‌కు పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చే రోజిన్ ఈ పొరను తొలగించి పెడతాయి. అప్పుడు కరిగిన టంకం రాగి మీద నీరులా పరచుకుంటుంది. అంతేకాదు, తగరం రాగితో చర్య జరిపి రెండిటి నడుమ పలుచని కొత్త పొర ఏర్పడుతుంది. అతుకుకు పట్టు ఇచ్చేది ఆ పొరే.

సీసం ఆరోగ్యానికి హాని చేస్తుంది. పారేసిన ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి అది నేలలోకి, నీటిలోకి చేరే ప్రమాదం ఉంది. యూరప్ దేశాల సమాఖ్య 2006 జులై 1 నుంచి, కొన్ని మినహాయింపులతో, ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేసింది. దానికి ముందునుంచే శాస్త్రజ్ఞులు సీసం లేని టంకం కోసం వెదుకుతున్నారు. అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు తగరం, వెండి, రాగి కలిపిన టంకాన్ని రూపొందించారు. దానికి 1996లో పేటెంటు లభించింది. ఈ రకపు టంకాలు సుమారు 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడతాయి. ఇప్పుడు ప్రపంచమంతటా ఈ కుటుంబానికి చెందిన టంకాలే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

చిన్న మాటలు, పెద్ద తేడాలు

హద్దు ఎలా మారుతుందో చూడటానికి మనమే ఒక క్లెయిము ఊహించుకుందాం. "తగరం, వెండి, రాగి కలిగి ఉన్న టంకం" అని ఒకరు రాశారు. మరొకరు ఆ మూడింటికి కాస్త బిస్మత్ కూడా కలిపి అమ్మారు. రెండవవారు హద్దు దాటినట్టా, కాదా?

దాటినట్టే. "కలిగి ఉన్న" అనే మాట తలుపు తెరిచి ఉంచిన మాట. ఆ మూడూ ఉంటే చాలు, నాలుగవది ఉన్నా హద్దు లోపలే. అదే క్లెయిములో "తగరం, వెండి, రాగి మాత్రమే ఉన్న టంకం" అని రాసి ఉంటే తలుపు మూసినట్టు. కావాలని నాలుగవ లోహం కలిపితే అది హద్దు బయట ఉంటుంది. ఖనిజంతో సహజంగా వచ్చే లేశమాత్రపు మలినాలను మాత్రం లెక్కచేయరు. ఈ రెంటి నడుమ మూడవ రకం కూడా ఉంది. "ముఖ్యంగా ఈ మూడింటితోనే అయిన టంకం" అంటే, టంకం మూల స్వభావాన్ని మార్చని పదార్థాలకే లోపల చోటు ఉంటుంది. పేటెంట్లు రాసేవారు ఈ మూడు రకాల మాటలనూ ఆచితూచి వాడతారు.

మరి తలుపు తెరిచిన మాటనే ఎప్పుడూ రాసుకుంటే మేలు కదా? అక్కడే చిక్కు. హద్దు ఎంత విశాలమైతే, అంతకు ముందే లోకంలో ఉన్న వస్తువు ఏదో ఒకటి దాని లోపలికి వచ్చే అవకాశం అంత ఎక్కువ. పాత వస్తువు ఒక్కటి లోపల కనిపించినా "ఇది కొత్తది కాదు" అని ఆ క్లెయిము కొట్టివేయబడుతుంది. హద్దును బాగా కుదించుకుంటే ఆ భయం తగ్గుతుంది. కాని పొరుగువాడు కొద్దిపాటి మార్పు చేసి బయటినుంచే తప్పుకుపోతాడు.

ఇప్పుడు ఇంకొంచెం కష్టమైన ప్రశ్న. క్లెయిములో "నూటికి 1 నుంచి 2 వంతుల రాగి ఉన్న టంకం" అని ఉందనుకోండి. పొరుగు కంపెనీ తీగలో రాగి 0.5 వంతే. హద్దు బయటే ఉన్నట్టు కనిపిస్తుంది. కాని ఆ తీగతో రాగి పలక మీద అతుకు వేశారు. కరిగిన టంకంలోకి పలక నుంచి కొంత రాగి కరిగి చేరుతుంది. ఇది ఊహ కాదు. పూత లేని రాగి మొన ఉన్న సాల్డరింగ్ ఐరన్ కొన్నాళ్లకు గుంటలు పడేది ఇందువల్లనే. ఆ మొనను మెకానిక్ ఆకురాయితో రాచి మళ్లీ సరిచేసుకుంటాడు. సరే, చల్లారిన అతుకును పరీక్షించగా అందులో రాగి 1.2 వంతులు ఉన్నదని తేలింది అనుకుందాం. ఇప్పుడు హద్దు దాటినట్టా, కాదా?

జవాబు "టంకం" అన్న మాటలో ఉంది. అమ్మే తీగ టంకమా, గట్టిపడిన అతుకులోనిది టంకమా? తూకం వేసి, రసాయన పరీక్ష చేసి రాగి ఎంతో చెప్పవచ్చు. ఎక్కడి రాగిని కొలవాలో మాత్రం మాట అర్థం తేలిన తర్వాతే చెప్పగలం. శాస్త్రం, భాష ఇక్కడ ఒకే కాడికి కట్టిన ఎడ్లలా కలిసి నడవాలి.

న్యాయస్థానాలు ఎలా చదువుతాయి?

ఇటువంటి తగవులు అప్పీళ్ల దాకా వెళతాయి. మన దేశంలో పేటెంటు కార్యాలయం ఇచ్చిన నిర్ణయం మీద హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. మన తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరు 13న ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయంలో పేరుపొందింది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ లోహపు పాత్రలకు ప్రసిద్ధి. పాత్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ నునుపు చేసేటప్పుడు అది జారి ఎగిరిపోకుండా పట్టి ఉంచే సాధనానికి అక్కడి సంస్థ ఒకటి పేటెంటు పొందింది. మరొక సంస్థ దాన్ని సవాలు చేసింది. పాత్రను మొనతో నొక్కి పట్టే ఏర్పాటు అంతకు ముందే వాడుకలో ఉందనీ, ఇది పనివాడు పని చేస్తూ చేసుకునే మెరుగుదలే గాని కొత్త కల్పన కాదనీ కోర్టు తేల్చి, పేటెంటు చెల్లదని చెప్పింది. ఆ తీర్పులోనే క్లెయిమును చదివే తీరును కూడా గుర్తు చేసింది. నేరుగా క్లెయిముకు వెళ్లకూడదు. ముందు వివరణ అంతా చదివి, కనిపెట్టిన విషయం ఏమిటో మనసుకు పట్టించుకోవాలి. ఆ తర్వాతే క్లెయిము చదవాలి.

అలాగని వివరణలో గీసిన బొమ్మే హద్దు అనుకోకూడదు. దీనికి అమెరికా తీర్పు ఒకటి మంచి ఉదాహరణ. జైళ్ల వంటి కట్టడాల గోడలకు పనికివచ్చే ఉక్కు పలకల పెట్టెలకు ఒకరికి పేటెంటు ఉంది. క్లెయిములో, పెట్టె లోపలికి చొచ్చుకుని ఉండే ఉక్కు "బాఫిళ్లు" అని ఉంది. బాఫిల్ అంటే అడ్డు పలక. బొమ్మల్లో అవి ఏటవాలుగా ఉన్నాయి. తూటా తగిలితే పక్కకు మళ్లుతుందని వివరణలో ఉంది. ఎదుటివారి గోడలో పలకలు నిట్టనిలువుగా, 90 డిగ్రీల కోణంలో ఉన్నాయి. అవి బాఫిళ్లు కావని కింది కోర్టు అంది. 2005లో పేటెంట్ల అప్పీలు న్యాయస్థానం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. తూటాను మళ్లించడం ఆ పలకల ప్రయోజనాల్లో ఒకటి మాత్రమే, ప్రతి పలకా దాన్ని నెరవేర్చాలన్న నియమం లేదు, కాబట్టి నిలువు పలక కూడా బాఫిలే అని చెప్పింది. నిఘంటువును చూడవచ్చు గాని, పేటెంటు పత్రాన్ని పక్కన పెట్టి నిఘంటువుతో మొదలుపెట్టకూడదని కూడా స్పష్టం చేసింది.

ఈ రెండు తీర్పులనూ కలిపి చూస్తే మన టంకం చిక్కు విప్పే దారి దొరుకుతుంది. వివరణలో "కరిగించడానికి ముందు మిశ్రమంలోని పాళ్లు" అని ఉంటే తీగలోని రాగినే కొలవాలి. అతుకు ఎంత గట్టిగా ఉంటుంది, అందులోని పాళ్లు ఎంత అని వివరణ అంతా అతుకు గురించే చెబుతుంటే జవాబు మారవచ్చు.

పసుపు తగవు

ఇంతవరకు నేర్చుకున్నది ఇప్పుడు మనందరికీ తెలిసిన వస్తువుకు అన్వయించి చూద్దాం. చీరాలలో రైలెక్కి విజయవాడ వైపు వెళితే, తెనాలి దాటాక దుగ్గిరాల వస్తుంది. పసుపు వ్యాపారానికి పేరుపొందిన ఊరు. మన ప్రాంతంలో వేలు తెగితే అమ్మమ్మలు పసుపు అద్దడం ఎన్నో తరాలుగా వస్తున్నదే.

1995 మార్చి 28న అమెరికా పేటెంటు కార్యాలయం ఒక పేటెంటు ఇచ్చింది. దాని సంఖ్య 5,401,504. పొందినది మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రం. విషయం, గాయాలు మానడానికి పసుపు వాడటం! మొదటి క్లెయిము సారాంశం ఇది: గాయమైన వ్యక్తికి, తగిన మోతాదులో పసుపు పొడి మాత్రమే ఉన్న మందును ఇచ్చి గాయం మాన్పే పద్ధతి. తినిపించడం, పైన పూయడం కూడా క్లెయిముల్లో ఉన్నాయి.

మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సి.ఎస్.ఐ.ఆర్., దీన్ని ఊరుకోనివ్వలేదు. అప్పుడు దాని అధిపతి డాక్టర్ ఆర్.ఎ. మాషేల్కర్. పేటెంటును మళ్లీ పరిశీలించమని 1996లో అమెరికా కార్యాలయాన్ని కోరింది. పాత సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం దాకా 32 ఆధారాలు సమర్పించింది.

పేటెంటు పొందినవారు ఏమన్నారో జాగ్రత్తగా గమనించండి. "ఆ గ్రంథాల్లో ఉన్నది పసుపు ముద్ద. మా క్లెయిములో ఉన్నది పసుపు పొడి. పొడి వేరు, ముద్ద వేరు. శరీరం వాటిని గ్రహించే తీరు వేరు. ముద్ద పనిచేసింది కాబట్టి పొడి కూడా పనిచేస్తుందని నిపుణులు నమ్మకంగా చెప్పలేరు" అని వాదించారు. లోపలికి తీసుకునే విషయంలో మరొక మాట అన్నారు. "పాత గ్రంథాల్లో పసుపును తేనెతో ఇచ్చారు. తేనెకే గాయం మాన్పే గుణం ఉందంటారు. మాది పసుపు పొడి మాత్రమే" అన్నారు. టంకం దగ్గర మనం చూసిన "మాత్రమే" అన్న తలుపు ఇక్కడ మళ్లీ కనిపించింది కదూ!

వాదం వట్టి మాటల గారడీ కాదు. పొడికీ ముద్దకూ భౌతికంగా తేడా ఉన్నమాట నిజమే. ముద్దలో నీరో, నూనో ఉంటుంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనె వంటి వాటిలో మెరుగ్గా కలుస్తుంది. కాని హద్దు తేల్చేటప్పుడు అడగవలసిన ప్రశ్న "తేడా ఉందా?" అన్నది కాదు. "గాయం మాన్పే పని విషయంలో, ఈ రంగం తెలిసినవారి దృష్టిలో ఆ తేడా లెక్కకు వస్తుందా?" అన్నది. నెత్తురు చిమ్ముతున్న వేలి మీద పొడి చల్లండి. అర నిమిషంలో అది ఏమవుతుంది? ముద్దే అవుతుంది!

పరిశీలకుడు ఆధారాలన్నీ చూసి, గాయం మాన్పే విషయంలో పొడి, ముద్ద ఒకదానికొకటి సమానమేనని తేల్చాడు. 1997 ఆగస్టులో క్లెయిములన్నిటినీ తిరస్కరించారు. 1998 ఏప్రిల్‌లో చివరి ధ్రువపత్రం వెలువడింది. సంప్రదాయ జ్ఞానం ఆధారంగా ఒక వర్ధమాన దేశం అమెరికా పేటెంటును సవాలు చేసి రద్దు చేయించడం అదే మొదటిసారి అని చెబుతారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన నియమం గుర్తుంచుకోండి. కొనేటప్పుడు ఒక మానిక, అమ్మేటప్పుడు ఒక మానిక వాడే వర్తకుణ్ణి ఎవరూ నమ్మరు. పేటెంటులోని మాట కూడా అంతే. పాత గ్రంథాల నుంచి తప్పించుకోవడానికి "పొడి అంటే ముద్ద కాదు" అన్నవాడు, రేపు ముద్ద అమ్మేవాణ్ణి పట్టుకుని "ముద్ద కూడా పొడే" అనడానికి వీలులేదు. హద్దును పరీక్షించడానికీ, హద్దు దాటినవారిని పట్టుకోవడానికీ ఒకే అర్థం వాడాలి.

రాసి ఉన్నదే లెక్క

అసలు ఆ పేటెంటు మొదట ఎలా వచ్చింది? కోట్లమందికి తెలిసిన విషయం పరిశీలకునికి తెలియదా? ఆ రోజుల్లో అమెరికా చట్టం ప్రకారం, ఇతర దేశాల్లో ఒక విషయం వాడుకలో ఉన్నంత మాత్రాన లెక్కకు రాదు. అది పేటెంటుగానో, అచ్చయిన రచనగానో ఉండాలి. 2013 మార్చి 16 నుంచి అమలైన మార్పులతో ఆ తేడా పోయింది. కాని అప్పటికి అమ్మమ్మ మాట సాక్ష్యం కాదు, అచ్చయిన పుటే సాక్ష్యం. 32 ఆధారాలు వెదికి, అనువదించి ఇవ్వవలసి వచ్చింది అందుకే.

ఈ అనుభవం తర్వాత మన దేశం రెండు పనులు చేసింది. సంప్రదాయ జ్ఞానం పేటెంటుకు అర్హం కాదని 2002లో చేసిన సవరణ ద్వారా మన చట్టంలో చేర్చారు. 2001లో సంప్రదాయ జ్ఞానపు డిజిటల్ గ్రంథాలయాన్ని ఆరంభించారు. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ వంటి వైద్య గ్రంథాల్లోని యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపాన్ భాషల్లోకి మార్చి, విదేశీ పేటెంటు పరిశీలకులు చూసుకునే వీలు కల్పించారు.

గ్రంథాలకు ఎక్కని జ్ఞానం మాత్రం ఇంకా చాలా ఉంది. చీరాలకు ఒకప్పుడు తేలియా రుమాళ్లు పేరు తెచ్చాయి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీటిలో పదే పదే నానబెట్టి, చిటికీలు కట్టి, రంగులద్ది నేసేవారు. "నూనెలో నానబెట్టాలి" అని మాత్రం రాసి ఊరుకుంటే సరిపోతుందా? ఏ నూనె? నూలుకు ఎంత పాలు? బూడిద ఏ కాయలది, కాల్చినదా, కాల్చి వడకట్టిన తేటా? ఎన్ని రోజులు? పనివారి నోట ఉన్న మాటను ఉన్నది ఉన్నట్టు, కొలతలతో రాసుకుంటేనే రేపు ఎవరైనా "ఇది నేను కనిపెట్టాను" అంటే చూపించడానికి ఆధారం ఉంటుంది. ఆ పని చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నోటుపుస్తకం, పెన్సిలు, అడిగి తెలుసుకునే ఓర్పు చాలు.

ఆలోచించండి, చేసి చూడండి

1. మీ ఇంట్లో ఆవకాయ పట్టే పద్ధతిని ఒకే వాక్యంలో క్లెయిములాగా రాయండి. మొదట "కలిగి ఉన్న" అని, తర్వాత "మాత్రమే ఉన్న" అని రాయండి. పొరుగింటి ఆవకాయలో వెల్లుల్లి ఉంటే, అది ఏ క్లెయిము లోపలికి వస్తుంది? ఏ క్లెయిము బయట ఉంటుంది?

2. "కారం" అన్న మాటను వంటింట్లో, మిరప యార్డులో, వైద్యుని దగ్గర ఏ అర్థంలో వాడతారో అడిగి రాసుకోండి. ఒకే అర్థమా, వేరు వేరా?

3. ఒక గాజు పలక మీద పసుపు పొడిని చిటికెడు, నీటితో కలిపిన ముద్దను చిటికెడు వేరువేరుగా ఉంచండి. పొడి మీద రెండు చుక్కల నీరు వేసి అయిదు నిమిషాల తర్వాత రెండిటినీ పోల్చండి. పొడికీ ముద్దకూ తేడా ఉందని వాదించడానికి ఒక కారణం, లేదని వాదించడానికి ఒక కారణం రాయండి.

4. సాల్డరింగ్ చేసేచోటికి ఉపాధ్యాయులతో కలిసి వెళ్లండి. సీసం ఉన్న టంకాన్ని ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి, పొగ పీల్చకండి. పాత సాల్డరింగ్ ఐరన్ రాగి మొన మీద గుంటలు ఉన్నాయేమో చూడండి. ఆ రాగి ఎక్కడికి పోయిందో మీ మాటల్లో రాయండి.

5. మీ ఊరిలో మగ్గం, కుంపటి, సారె, గానుగ వంటి వాటి మీద పనిచేసే ఒకరిని కలిసి, వారి పనిలోని ఒక మెలకువను వారి మాటల్లోనే రాసుకోండి. కొలత, వేడి, సమయం, వస్తువు పేరు స్పష్టంగా ఉండాలి. రాసింది వారికే చదివి వినిపించండి. మీరు రాసిన ఏ మాట దగ్గర వారు "అట్లా కాదు" అని ఆపుతారో, ఆ మాటను వారు చెప్పినట్టు సరిచేసి, పక్కన తేదీ వేయండి.